సర్జ్ ప్రొటెక్టర్ దండగ అనేవాళ్లతో

ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా ఎవరిని కదిపినా ఒకటే మాట: "స్టెబిలైజర్ ఉందిగా, మళ్లీ సర్జ్ ప్రొటెక్టర్ దేనికి? పిడుగు పడితే ఏదీ ఆపదు."

ఇంటి నెత్తినే పడే పిడుగును ఏ డబ్బా ఆపలేదు, ఒప్పుకుంటాను. మన టీవీలు, ఏసీ బోర్డులు కాలడానికి అంత పిడుగు అక్కర్లేదు. పొలంలో కరెంటు లైను పక్కన పడ్డా చాలు, ఆ తాకిడి తీగల వెంట ఇంట్లోకి వచ్చేస్తుంది. 2018 ఏప్రిల్ 24న మన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. వాటిలో ఇళ్ల మీద పడ్డవెన్ని?

స్టెబిలైజర్ పని వేరు. అది ఓల్టేజి హెచ్చుతగ్గులను సరిచేస్తుంది. దాని రిలే కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు కావాలి. పిడుగు తాకిడి మైక్రోసెకన్లలో వచ్చి పోతుంది. దాన్ని ఆ కాస్త వ్యవధిలోనే ఎర్త్‌లోకి మళ్లించేది సర్జ్ ప్రొటెక్టర్‌లోని వారిస్టర్.

చిక్కంతా ఆ ఎర్త్ దగ్గరే. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు ఎర్త్‌కు చక్కటి నేల. ఏప్రిల్, మే నెలల్లో అదే నేల బీటలిచ్చి ఎర్త్ పైపును వదిలేస్తుంది. పిడుగులు పడేదీ అప్పుడే! ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంతలో ఆ తర్వాత బిందెడు నీళ్లు పోసినవాళ్లెందరు? కొన్ని ఇళ్లలో ప్లగ్గు మూడో కన్నానికి తీగే ఉండదు. అక్కడ ప్రొటెక్టర్ బిగించి, టీవీ పోగానే దాన్ని తిట్టడం ఏం న్యాయం? వారిస్టరే లేని చవక ఎక్స్‌టెన్షన్ బోర్డును 'స్పైక్ గార్డు' అని కొని మోసపోయినవాళ్ల తిట్లూ దీని ఖాతాలోకే వస్తున్నాయి.

సర్జ్ ప్రొటెక్టర్‌కు చేతకాని పనీ ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే 230 ఓల్టులు రావాల్సిన ఇంటికి 400 దాకా రావచ్చు, అదీ నిమిషాల తరబడి. అప్పుడు వారిస్టరే మాడిపోతుంది. దానికి హై ఓల్టేజి రాగానే సరఫరా కట్ చేసే పరికరం విడిగా పెట్టుకోవాలి. అయినా లైనులో న్యూట్రల్ చూసుకోవాల్సింది డిస్కం కాదా?

ఖర్చంటారా, మెయిన్ బోర్డుకు రెండు మూడు వేలు. కల్లంలో మిరపకాయలు ఎండబోసిన రైతు వాన రాలేదని పట్టా కొన్న డబ్బు దండగ అనుకోడు. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి నేనూ కొనమనను. ఏసీ, ఫ్రిజ్ ఉన్నవాళ్లు మాత్రం ముందు ఎర్త్ గుంత బాగుచేయించి, ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించి, ఆ తర్వాతే ప్రొటెక్టర్ కొనండి. రెండింటికీ ఒకేసారి డబ్బు లేకపోతే, ఈ ఏడాదికి గుంత ఒక్కటే చేయించండి.