మంద కాచే శునకం

మన భాషలో కుక్క పేరు తిట్టుగా స్థిరపడిపోయింది. కాని విశ్వాసానికి ఉపమానం కావలసి వచ్చినప్పుడు మనం ఆశ్రయించేది ఆ జంతువునే. ఉర్దూలో ‘వఫాదారీ’ అన్నా, తెలుగులో ‘విశ్వాసం’ అన్నా ముందుగా స్ఫురించేది కుక్కే. ఈ వైరుధ్యాన్ని గురించి ఆలోచించవలసిన అవసరం నేడు మన నగరంలో ఏర్పడినది.

పశుపాలనలో కుక్కలు రెండు విధాలు. కాపరి ఆజ్ఞననుసరించి గొర్రెలను మళ్ళించేవి ఒక విధం. మందలోనే ఉండి క్రూరమృగాలనుండి దానిని కాపాడేవి రెండవ విధం. ఈ రెండవ కోవకు చెందినవి సాధారణంగా భారీకాయం గలవి. టర్కీలోని కాంగల్, ఇటలీలోని మారెమ్మా, హంగేరీలోని కొమొండోర్, మన హిమాలయాలలోని గద్దీ, జమ్మూ కాశ్మీరులో సంచారజీవులైన గుజ్జర్ బకర్వాల్‌లు పెంచే బకర్వాల్ కుక్క ఇందుకు ఉదాహరణలు. వీటి బలమంతా దేహంలోనే ఉన్నదనుకొనుట పొరపాటు. పసితనంలో, కొద్దివారాల వయస్సులోనే, కూనను గొర్రెల మధ్య ఉంచుతారు. ఆ మందనే అది తన కుటుంబంగా భావిస్తుంది. మందను విడిచిపోకుండుట, గొర్రెలకు హాని చేయకుండుట, శత్రువును ఎదిరించుట అనే మూడు గుణాలు ఉన్నదే నిజమైన కాపలా కుక్క. వంశం ఇచ్చేది కొంత, పెంపకం ఇచ్చేది కొంత.

ఈ విద్య నేటిది కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలోనే రోమను రచయిత కొలుమెల్లా మందకు తెల్లని కుక్క మేలని చెప్పాడు. మసకచీకటిలో కాపరి తోడేలనుకొని తన కుక్కనే కొట్టకుండా ఉండడం అందులోని ప్రయోజనం. ఆధునికులు కూడ ఈ పాతవిద్యను మరల ఆశ్రయించారు. నమీబియా దేశంలో రైతులు తమ పశువులను తినే చీతాలను చంపివేస్తూ ఉండగా, 1994 నుండి ఒక సంరక్షణ సంస్థ వారికి అనటోలియా కుక్కలను ఇవ్వసాగింది. పశునష్టం తగ్గింది, చీతాపై పగ కూడ తగ్గింది. ఆస్ట్రేలియాలోని మిడిల్ ఐలండ్ అనే చిన్న ద్వీపంలో నక్కల వలన పెంగ్విన్‌లు 2005 నాటికి పదిలోపు మిగిలాయి. 2006లో మారెమ్మా కుక్కలను కాపలా పెట్టిన తరువాత వాటి సంఖ్య మరల పెరిగింది. కావలి కుక్క మందను మాత్రమేగాక, మనిషికీ మృగానికీ మధ్య సంధిని కూడ కాపాడుతుందని దీనివలన తెలుస్తున్నది.

ఇక మన తెలుగునాట గొల్లలు, కురుమలు తరతరాలుగా మందలను కాస్తున్నారు. కోతలైన పొలాలలో మందకట్టి, ఎరువునిచ్చి, రాత్రులు ఆరుబయట గడుపుతారు. రాయలసీమలో, తెలంగాణ మెట్టభూములలో తోడేలు నేటికీ వారి శత్రువే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తోడేలును చంపుట నేరం. చట్టం తోడేలును కాపాడుతున్నది సరే, మరి మందను ఎవరు కాపాడాలి? ఆ కాపరి పక్కన మేలుకొని ఉన్న కుక్కే గదా! దానికి జాతిపత్రాలు లేవు, కాంగల్ వంటి దేహమూ లేదు. చేసే పనే దాని వంశావళి.

మన విశాఖలో మాత్రం మరొక దృశ్యం కనబడుతున్నది. మంచుకొండలకు తగిన దట్టమైన బొచ్చుగల పెద్దజాతి కుక్కలను అధికమూల్యం చెల్లించి తెచ్చి, సముద్రపు ఉక్కపోతలో, మేడలపై గొలుసులకు కట్టి ఉంచుతున్నారు. కాచుటకు మంద లేదు, తిరుగుటకు బయలు లేదు. రాత్రంతా కొండవాలున తిరుగుటకు పుట్టిన జీవి నాలుగడుగుల గొలుసులో క్రూరమైతే, ఆ నేరం జంతువుది కాదు. దేనికి ఏది స్థానమో ఎరుగక, ఆడంబరానికి ప్రాణిని వస్తువుగా వాడుకొనుట విద్యావంతులకు తగునా?

మన సంప్రదాయాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. మందకు, పొలానికి, వేటకు కుక్కను ఉంచుకొనుటకు హదీసులు అనుమతినిచ్చాయి. గుహవాసుల వాకిట కాళ్ళు చాచి కూర్చున్న శునకాన్ని దివ్యఖురాన్‌లోని కహఫ్ అధ్యాయం స్మరించింది. మహాభారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి పోనన్నాడు. రెండు చోట్లా గౌరవం పొందినది కుక్క ఆకారం కాదు, దాని తోడు.

కనుక విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ నా మనవి ఒక్కటే. మన జాతీయ సేవా పథకం శిబిరం ఏ గ్రామంలో జరిగినా, పశువైద్యుల సహకారంతో అక్కడి కాపరుల కుక్కలకు రేబీస్ టీకాలు వేయించాలి. గొర్రెకు టీకా వేయించే కాపరి, దానిని కాచే కుక్కను మరచిపోవుట పరిపాటి. అది కరిస్తే మొదట ప్రమాదం కాపరి బిడ్డలకే. వెలగల కుక్కను కొనగలవారు మనలో కొందరే; విలువగల కుక్కకు మేలు చేయగలవారు మనమందరమూ.