నేను కాదు సార్!

తరగతి లీడరు చేతికి సుద్దముక్క ఇచ్చి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని చెప్పి ఐదు నిమిషాలు బయటికి వెళ్లిరండి. బోర్డు నిండా పేర్లుంటాయి. లీడరు స్నేహితుల పేర్లు మాత్రం ఉండవు. ఇంత గోల ఎందుకైందని అడిగితే జవాబు సిద్ధం: "నేను కాదు సార్, వాళ్లే!" పెత్తనం చేయడం పదేళ్ల పిల్లాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పూచీ పడటమే నేర్పాలి.

అందుకు మేము టీచర్లం చెప్పే ఉదాహరణ లాల్ బహదూర్ శాస్త్రి. 1956లో ఆయన రైల్వే మంత్రి. ఆ ఏడాది, అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. శాస్త్రి రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో మా తమిళనాట అరియలూరు దగ్గర వరదకు దెబ్బతిన్న వంతెన మీద తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. మళ్లీ వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఈసారి శాస్త్రి పట్టు విడవలేదు. ప్రమాదానికి ఆయన కారకుడని కాదు, మంచి సంప్రదాయం నిలవాలనే ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పారు.

దీన్ని త్యాగం కథగా చెప్పి ఊరుకుంటాం. ఒకసారి మా తరగతిలో ఒకబ్బాయి అడిగాడు: "మంత్రి దిగిపోతే వంతెన బాగవుతుందా సార్?" బాగవదు. కానీ పైవాడే "ఇది నాది" అన్నచోట, కిందివాడు పగులును దాచడానికి కాస్త జంకుతాడు. మొదటి రాజీనామాను వద్దన్నప్పుడే శాస్త్రి ఊరుకుని ఉంటే ఆయనను తప్పుపట్టేవారెవరు? 1957 ఎన్నికల తర్వాత మళ్లీ మంత్రి అయ్యారు కూడా. పూచీ పడినంత మాత్రాన మనిషి చిన్నబోడు.

ఇది చెప్పే అర్హత నాకెంత? కొన్నేళ్ల కిందట తెలుగు పాఠ్యపుస్తకాల ఇండెంటు నేనే ఆలస్యంగా పంపాను. తల్లిదండ్రులు అడిగితే "ఆఫీసు నుంచి రాలేదండీ" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. మన బడుల్లో ఆ మాటను ఇట్టే నమ్ముతారు, ఎందుకంటే చాలాసార్లు అదే నిజం. టీచరు ఖాళీలు, రాని పుస్తకాలు, తిరిగొచ్చిన అర్జీలు మనకు కొత్త కాదు. ఆ నిజమైన గోడు వెనకే నా బద్ధకాన్ని దాచుకున్నాను.

మాతృభాషలో ప్రాథమిక బోధనకు సౌకర్యాలు కల్పించాలంటున్న రాజ్యాంగంలోని 350ఎ అధికరణం కూడా 1956 నాటి సవరణతో వచ్చిందే. దాన్ని చూపి ప్రభుత్వాలను గట్టిగా అడగాల్సిందే. అయితే వచ్చే జూన్‌లో పాఠశాల యాజమాన్య కమిటీ కూర్చున్నప్పుడు, అర్జీ రాయకముందు, మన చేతిలో ఉన్న పని ఏ తేదీకి చేశామో హెడ్మాస్టరు, టీచర్లు ముందుగా చెప్పాలి. అలా చెప్పగలిగితే అర్జీకీ బరువు వస్తుంది.

ఆ ఏడాది మా పిల్లలు రెండు నెలలు ముగ్గురికొక పాత పుస్తకంతో చదివారు. వాళ్లిప్పుడు కాలేజీల్లో ఉన్నారు. ఇంతవరకూ వాళ్లకు ఈ సంగతి చెప్పలేదు. ఈ పేజీ చూస్తారనుకుంటాను.