ఫ్యూజుకి మొగుడు

"పెద్దది వేసెయ్, మళ్ళీ పోకుండా వుంటుంది!"

ఈ మాట మీరెన్నిసార్లు విని వుంటారు? నేనైతే అత్తవారింట అడుగు పెట్టిన నాటి నుంచీ వింటున్నాను. ఆ రోజుల్లో ఇంట్లో ఫ్యూజు పోతే మా మామగారు స్టూలెక్కి, పింగాణీ ఫ్యూజు లాగి, సన్నతీగ వుండాల్సిన చోట నాలుగు పేటల రాగితీగ మెలిపెట్టి, "ఇక చచ్చినా పోదు" అంటూ దిగేవారు. నిజంగానే ఫ్యూజు పోయేది కాదు. పోతే గోడలో వైర్లే పోయేవి!

ఆ విద్య మావారికి కారు రూపంలో సంక్రమించింది. నిరుడు మే నెలలో, విజయవాడ బందరు రోడ్డు ట్రాఫిక్కులో, మా కారు ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికెక్కింది. రేడియేటరు ఫ్యాను తిరగటం లేదు. కారు పరుగెడుతుంటే ఎదురుగాలే రేడియేటరుని చల్లబరుస్తుంది. ఆగి వున్నప్పుడే ఫ్యానుతో అవసరమంతా. అందుకే ఊరి బయట బుద్ధిగా వున్న కారు సెంటర్లో చిందులేస్తుంది.

పక్క షెడ్డులో కుర్రాడు మూత తీసి చూశాడు. 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు ఓ పక్కగా కరిగి, గూటికి అతుక్కుపోయి వుంది.

"40 వేసేస్తానండీ, ఇంక ఢోకా లేదు" అన్నాడు. మావారు తలూపారు.

"ఆగు బాబూ, లోపలి తీగ తెగిందా?" అన్నాను. తెగలేదు!

"నువ్వూరుకో, నీకివన్నీ ఏం తెలుసు?" అన్నారు మావారు.

ఏం తెలుసో చెప్తాను, వినండి. తీగ తెగితే కరెంటు ఎక్కువైందని అర్థం. తీగ బాగానే వుండి ఒళ్ళు కరిగిందంటే, చాలాసార్లు జబ్బు ఫ్యూజుది కాదు, దాని కాళ్ళు పట్టుకునే క్లిప్పుది. క్లిప్పు వదులై, చిలుము పడితే కరెంటుకి అక్కడ అడ్డు ఏర్పడుతుంది. ఆ అడ్డు ఓములో యాభయ్యో వంతే అనుకోండి. 20 ఆంపియర్లు పారితే గోరంత చోట 8 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్కు కరగక ఏం చేస్తుంది? 40 కాదు, 400 వేసినా ఆ వేడి తగ్గదు. పైగా ఫ్యూజు వున్నది వైరుని కాపాడటానికి. 30కి సరిపడే వైరుకి 40 తగిలిస్తే, రేపు ఫ్యాను బిగుసుకుపోయిన రోజున ముందు కాలేది వైరే. మంటకి అంతకన్నా ఏం కావాలి?

ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. మన ప్రెషర్ కుక్కరుకి సేఫ్టీ వాల్వు లేదూ? ఆవిరి దారి మూసుకుపోతే అందులోని మెత్తని లోహం కరిగి ప్రాణాలు కాపాడుతుంది. అది పోయిందని ఏ ఇల్లాలైనా అక్కడ ఇనప బోల్టు బిగిస్తుందా? మెతుకు అడ్డం పడిందా, నీళ్ళు చాల్లేదా అని చూసుకుని, మళ్ళీ అలాంటి వాల్వే వేసుకుంటుంది. మనకు తెలిసినపాటి మగవాళ్ళకి తెలియకపోవటమే వింత!

"నడిరోడ్డు మీద శాస్త్రాలెందుకు, ఇల్లు చేరాలి కదా?" అంటారు. చేరాల్సిందే. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టండి. చెమటలు కక్కినా ఇంజను వేడి కొంత మన వైపు మళ్ళుతుంది. ముల్లు దిగకపోతే పక్కకి తీసి ఇంజను ఆపెయ్యండి. వేడి మీద రేడియేటరు మూత మాత్రం తియ్యకండి. ఆ రోజు మేం ఆగుతూ ఆగుతూ అలాగే కొంప చేరాం.

మర్నాడు ఒక పెద్దాయన వచ్చి, బ్యాటరీ నెగటివ్ విప్పి, కరిగిన గూడు తీసేసి, నల్లబడిన వైరుని ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త హోల్డరు బిగించి, మళ్ళీ 30నే పెట్టారు. ఫ్యాను ఎంత కరెంటు లాగుతోందో మీటరుతో చూశారు కూడా. అరిగిన మోటారు ఎక్కువ లాగుతుందట. మాది బాగానే వుంది.

చిన్న వస్తువు తను కరిగిపోయి మనకో కబురు చెప్తుంది. దాని నోరు నొక్కేసి పెద్దదాన్ని కూర్చోబెడితే కబురు ఆగుతుందేమో గానీ, లోపల కాలేది ఆగదు. కార్లోనే కాదు, సంసారంలోనూ అంతే.

"నువ్వూరుకో" అన్న మాట కూడా 40 ఆంపియర్ల ఫ్యూజే!