క్యాన్సర్ మరణాల లెక్కలో మనమెక్కడ?

‘ఆ జబ్బు’ అంటే ఏ జబ్బో మన ఇళ్లలో విడమరచి చెప్పనక్కరలేదు. క్యాన్సర్ అన్న పేరు పలకడానికే జంకుతాం. వచ్చినవారి తఖ్దీర్ అంతే అనుకుంటాం, పోయినవారి మగ్ఫిరత్ కోసం దుఆ చేసి ఊరుకుంటాం. దుఆ చేయవలసిందే. కాని ఒకే దేశంలో ఒకే వయసు మనుషులకు ఈ మరణం ఒక ప్రాంతంలో కంటే మరొక ప్రాంతంలో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా దాపురిస్తున్నదంటే, భారమంతా తఖ్దీర్ మీద మోపి కూర్చోవడం సబబు కాదు. సిరియాలో ప్లేగు చెలరేగిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటినుంచి తన వెంట ఉన్నవారితో సహా వెనుదిరిగారు. తఖ్దీర్ గురించి వారికంటే మనకు ఎక్కువ తెలుసా?

ఆ నాలుగు రెట్ల లెక్క 2012లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనంలోనిది. టాటా మెమోరియల్‌కు చెందిన రాజేశ్ దీక్షిత్, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ప్రభాత్ ఝా తదితరులు దానిని వెలువరించారు. వారు ఆసుపత్రి రికార్డుల మీద ఆధారపడలేదు. మన దేశంలో ఎందరో ఆసుపత్రి గడప తొక్కకుండానే పోతారు గనుక, 2001–03 మధ్య మరణాలు జరిగిన ఇళ్లకే సర్వే సిబ్బంది వెళ్లి లక్షణాలు అడిగి రాసుకున్నారు. ఆ వివరాలు చదివి వైద్యులు మరణకారణం నిర్ణయించారు. అలా పరిశీలించిన లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు మరణాలలో 7,137 క్యాన్సర్ మరణాలని తేలింది. దాన్నిబట్టి 2010లో దేశమంతటా 5,56,400 మంది క్యాన్సర్‌తో మరణించారని అంచనా కట్టారు. వారిలో 71 శాతం మంది 30 నుంచి 69 ఏళ్ల లోపువారు. అంటే ఇంటి బరువు మోసే వయసువారు.

ఈశాన్య రాష్ట్రాలలో ముప్ఫయ్యేళ్ల పురుషుడు డెబ్బయ్యో ఏడు రాకముందే క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం 11.2 శాతం. బిహార్, జార్ఖండ్, ఒడిశాలలో అది 3 శాతం లోపు. బిహార్‌లో వైద్యం గువాహటిలో కంటే గొప్పగా ఉన్నదని ఎవరూ అనరు. తేడా చాలావరకు మనిషి నోటికి, ఊపిరికి ఏది చేరుతున్నదన్న దానిలో ఉంది. మన దగ్గరి ఉదాహరణే చూడండి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలో కొందరు స్త్రీలు చుట్ట వెలిగించిన కొనను నోటి లోపల పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. అంగుడికి వచ్చే క్యాన్సర్ వారిలో విపరీతమని పరిశోధకులు దశాబ్దాల కిందటే రాశారు. తెలంగాణలో ఆ అలవాటూ లేదు, ఆ క్యాన్సర్ అంతగా లేదు. కశ్మీర్ లోయలో అన్నవాహిక క్యాన్సర్ హెచ్చు. మరుగుతున్న నూన్ చాయ్, ఎండబెట్టిన కూరలు, హుక్కా వైపు అక్కడి వైద్యులు వేలు చూపారు. ఇరాన్‌లోని గులిస్తాన్ ప్రాంతానిదీ అదే కథ. అక్కడ 2004 నుంచి యాభై వేల మందిని వెన్నంటి గమనించిన అధ్యయనం అతివేడి టీనీ నల్లమందునూ ప్రస్తావించింది. కశ్మీర్ ముస్లిముకు అన్నవాహికలో వచ్చేది హైదరాబాద్ ముస్లిముకు గుట్కా, జర్దా కిళ్లీ మూలంగా దవడలో వస్తుంది. కలిమా ఒక్కటే, క్యాన్సర్ ఒక్కటి కాదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. అదే లాన్సెట్ అధ్యయనం మతాన్ని కూడా పరిశీలించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు హిందూ స్త్రీలలో కంటే ముస్లిం స్త్రీలలో చాలా తక్కువని అందులో తేలింది. దేశపు సగటును 1 అనుకుంటే హిందూ స్త్రీలలో 1.06, ముస్లిం స్త్రీలలో 0.68. ఈ అంకె మన సభలలో అప్పుడప్పుడు వినబడుతుంటుంది, వినబడిన ప్రతిసారీ సుబ్‌హానల్లాహ్ అంటుంటాం. ఖత్నా చేయించుకున్న పురుషులలో హెచ్.పి.వి. వైరస్ తక్కువగా ఉంటుందనీ, వారి భార్యలకు ఈ క్యాన్సర్ ముప్పు తగ్గవచ్చుననీ 2002లో వెలువడిన ఐదు దేశాల అధ్యయనం కూడా సూచించింది. సంతోషించవలసిన మాటే. కాని ఆ అధ్యయనంలో ఈ క్యాన్సర్‌తో పోయిన ముస్లిం స్త్రీలు 24 మంది మాత్రమే. అంత చిన్న సంఖ్య మీద సమాజమంతటికీ ధీమా కట్టబెట్టలేం. పైగా 0.68 అంటే సున్నా కాదు.

ఆ అంకెను చదివినవారు దాని పక్కనే ఉన్న మరో అంకెను ఎందుకో చదవరు. వయసు తేడాలను సరిచేసి చూసినప్పుడు పల్లెకూ పట్నానికీ క్యాన్సర్ మరణాలలో పెద్ద వ్యత్యాసం లేదు. పురుషులలో లక్షకు పల్లెలో 95.6, పట్నంలో 102.4. అగాధం చదువు దగ్గర ఉంది. చదువులేని పురుషులలో లక్షకు 106.6 మంది పోతుంటే, బాగా చదువుకున్నవారిలో 45.7 మంది. స్త్రీలలో 106.7, 43.4. రెట్టింపు కంటే ఎక్కువ. ఇందులో గర్భాశయ ముఖద్వారం ఒక్కటే కాదు, నోరు, రొమ్ము, జీర్ణాశయం అన్నీ ఉన్నాయి. ఈ తూకంలో మన బరువు ఏ తట్టలో పడుతుందో తెలుసుకోవడానికి సచార్ కమిటీ నివేదిక చాలు. 2001 జనాభా లెక్కలలో దేశంలో అక్షరాస్యత 64.8 శాతం, ముస్లింలలో 59.1 శాతం. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 శాతమే అని ఎవరైనా గుర్తుచేయవచ్చు. నిజమే. మనవాళ్లు ఎక్కువగా పట్టణాలలో ఉండటం దానికి ఒక కారణం. కాని పేరు రాయగలగడం వేరు, మందుల చీటీ చదివి ‘ఈ పరీక్ష ఎందుకు?’ అని డాక్టరును అడగగలగడం వేరు.

జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం రొమ్ము క్యాన్సర్ సోకే రేటులో దేశంలోని రిజిస్ట్రీలన్నింటిలో హైదరాబాద్‌దే మొదటి స్థానం. లక్ష మంది స్త్రీలకు 48. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ దాని తరువాతే. ఖత్నా ఈ క్యాన్సర్‌ను ఆపదు. ఇది ముందుగా కనిపెడితే నయమయ్యే అవకాశం ఎంతో ఉన్న జబ్బు, ఆలస్యమైతే ప్రాణం తీసే జబ్బు. ఆలస్యం ఎక్కడ జరుగుతుందో సమాజసేవలో తిరిగేవారికి తెలుసు. మా పట్టణంలో ఒక సోదరి చంకలో గడ్డను ఎనిమిది నెలలు దాచుకుంది. లేడీ డాక్టరు లేదని మొదట, కూతురి నికాహ్ దాటనీ అని తరువాత. చివరకు చెప్పుకున్నది డాక్టరుకు కాదు, వంటింట్లో కోడలికి. ఆమె హయా ఆమెకు శత్రువు కాలేదు. ఆ హయాను గౌరవించే ఏర్పాటు దగ్గరలో లేకపోవడమే శత్రువైంది. అవసరమైన చోట స్త్రీ పరపురుష వైద్యునికి చూపించుకోవచ్చునని ఆలిములు ఏనాడో చెప్పారు. ఆ మాట జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. ముంబయి బస్తీలలో 1998 నుంచి టాటా మెమోరియల్ వారు లక్షా యాభై వేల మంది స్త్రీలతో ఒక ప్రయత్నం చేశారు. పదో తరగతి వరకు చదివిన స్త్రీలకే శిక్షణ ఇచ్చి, వెనిగర్ వంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్షను రెండేళ్లకొకసారి చేయించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ స్త్రీలే చేతితో రొమ్ము పరీక్ష చేయగా, యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు ముప్ఫై శాతం దాకా తగ్గాయి. మగ డాక్టరు లేడు, పెద్ద యంత్రం లేదు. మన బస్తీలలో పదో తరగతి చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలకు కొరత ఉందా? అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల భారతీయ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం, నోటి పరీక్ష 0.9 శాతం.

వీరిలో ముస్లిం స్త్రీలు ఎందరు? ఏ బస్తీవారు? నేను జీవితమంతా గుమాస్తాగిరీలో కాగితాల మధ్య గడిపినవాణ్ని గనుక నా చూపు ముందు కాగితం మీదికే పోతుంది. మరణాన్ని నమోదు చేసే ప్రభుత్వ పత్రం ఒకసారి తీసి చూడండి. మరణించినవారి మతం, వృత్తి అడిగే గడులు అందులో ఉన్నాయి. పొగ తాగేవారా, పొగాకు నమిలేవారా, వక్క లేదా పాన్ మసాలా నమిలేవారా, ఎన్నేళ్లుగా అనే గడులూ ఉన్నాయి. ఇంత మంచి పత్రాన్ని ఎవరు రూపొందించారో గాని వారికి సలాం చేయాలి. ఆ గడులలో చాలావాటికి ఒక అడ్డగీతే గతి. పోయినవారి అలవాట్లు చెప్పడం అమర్యాదని ఇంటివారు చెప్పరు, వరుసలో పదిమంది నిలబడ్డారని కౌంటరులోని వారు అడగరు. 2020లో వైద్యుడు కారణం ధ్రువీకరించిన మరణాలు నమోదైనవాటిలో 22.5 శాతమే. మిగిలిన వారంతా ఏమై పోయారో ప్రభుత్వానికి తెలియదు. నింపిన గడులనైనా మతం, చదువు, జిల్లాల వారీగా కలిపి ప్రచురించే ఆనవాయితీ లేదు. ముస్లింల స్థితిగతుల గురించి సరైన గణాంకాలు అందుబాటులో లేవని సచార్ కమిటీ 2006లోనే వాపోయి, జాతీయ గణాంక నిధి ఏర్పాటు చేయమన్నది. రిజర్వేషన్ల విషయంలో ఆ నివేదికను వేదికలెక్కి వల్లించే మన నాయకులు ఈ సిఫారసును తలచుకోవడం అరుదు.

లెక్కిస్తే ఏమవుతుందని అడిగేవారికి అమెరికా ఒక జవాబు. అక్కడ క్యాన్సర్ లెక్కలు జాతుల వారీగా వెలువడతాయి. అందువల్లనే నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ తెల్లజాతి స్త్రీలకంటే కాస్త తక్కువగా వచ్చినా, దానితో మరణించే రేటు సుమారు 40 శాతం ఎక్కువని ప్రపంచానికి తెలిసింది. జబ్బు తక్కువ, చావు ఎక్కువ. మన ముఖద్వార అంకెను చూసి మురిసేవారు ఈ మాట మననం చేసుకోవాలి. డెలావేర్ అనే చిన్న రాష్ట్రం 2002లో పెద్దపేగు క్యాన్సర్‌పై ఒక కార్యక్రమం చేపట్టింది. పరీక్ష చేయించి, బీమా లేనివారికి రెండేళ్ల దాకా చికిత్స ఖర్చు భరించి, ప్రతి రోగి వెంట ఒక నర్సు ఉండేటట్లు చూసింది. 2009 నాటికి నల్లజాతివారిలో పరీక్ష చేయించుకున్నవారు 48 నుంచి 74 శాతానికి పెరిగారు, తెల్లవారితో సమమయ్యారు. వారిలో మరణాలు 42 శాతం తగ్గి, రెండు జాతుల మధ్య అంతరం దాదాపు చెరిగిపోయింది. ఏడేళ్లు పట్టింది, అంతే.

మన రెండు రాష్ట్రాలలో చికిత్సకు డబ్బు లేదనలేం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలకు పెంచారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్నదనీ, ఆయనే తరువాత గుజరాత్ తొలి గవర్నరయ్యారనీ నేటి పిల్లలకు తెలియదు. కాని ఆరోగ్యశ్రీ కార్డు ఆదిలాబాద్ నుంచి రెడ్‌హిల్స్ దాకా మూడు వందల కిలోమీటర్ల ప్రయాణపు చార్జీ ఇవ్వదు, రేడియేషన్ సాగే వారాలలో తోడుండే మనిషి పోగొట్టుకునే కూలీ ఇవ్వదు. సగంలో చికిత్స మానేసేవారిలో చాలామంది ఇక్కడే మానేస్తారు. మన జకాత్ సొమ్ములో కొంత భాగం ఇక్కడికి చేరాలని నా అభిప్రాయం. రంజాన్ కిట్ల పంపిణీకి ఫొటోలు వస్తాయి, బస్సు టిక్కెట్టుకు రావు.

టీకా గురించి కూడా ఒక మాట. హెచ్.పి.వి. టీకా మన దేశంలోనే తయారై 2023లో మార్కెట్లోకి వచ్చింది. దీనిపై మనవాళ్లలో అనుమానాలున్నాయి. అనుమానానికి మూలం పూర్తిగా అజ్ఞానమేనని కొట్టివేయకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు ప్రయోగాత్మకంగా ఈ టీకా ఇచ్చారు. వారిలో ఆదివాసీ పిల్లలు ఎందరో. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో ఆ కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, కాని అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. పేద పిల్ల తండ్రిని అడగకుండా సూది వేస్తే మంచి మందు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. టీకా మన ఆడపిల్లలకు అందాలి, తల్లిదండ్రులకు వారి భాషలో, ఉర్దూలో గాని తెలుగులో గాని, వివరించిన తరువాతే అందాలి.

రెండు రాష్ట్రాల మైనారిటీ కమిషన్లూ ఆరోగ్యశాఖలను అడగవలసింది ఏమంటే: క్యాన్సర్ రిజిస్ట్రీల వివరాలను, మరణ పత్రాలలోని వివరాలను మతం, చదువు, జిల్లా వారీగా ఏటా ప్రచురించండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. ఆ అంకెలలో మనం మిగతావారికంటే మెరుగని తేలితే సంతోషం, లేదని తేలితే ఏ బస్తీకి ముందు వెళ్లాలో తెలుస్తుంది. మస్జిద్ కమిటీలు అంతదాకా ఆగనక్కరలేదు. జనాజా ముగిశాక మరణం నమోదు చేయించడానికి వెళ్లే కొడుకు చేతికి ఆ పత్రంలోని గడుల నకలు ఒకటి ఇచ్చి, అబ్బాజాన్ ఎన్నేళ్లు జర్దా తిన్నారో కూడా రాయించమని చెప్పాలి. ఇరవై ఒక్క రోజుల లోపు నమోదు చేయిస్తే రుసుము కూడా ఉండదు.