ఆఖెన్ బడిలో మొలకెత్తిన మూడు సభలు

జర్మనీలోని ఆఖెన్‌లో, సెయింట్ లియోన్‌హార్డ్ బాలికల బడిలో కవయిత్రి లూయీజా హెన్సెల్ 1827 నుంచి కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. ఆ ఒక్క టీచరమ్మ శిష్యురాళ్లలో ముగ్గురు మఠకన్యల సభలను స్థాపించడం అబ్బురమే. 1837లో పేదపిల్లలకు బడి తెరిచిన క్లారా ఫై 1844లో, సూదుల ఫ్యాక్టరీ యజమాని కూతురు ఫ్రాంజిస్కా షెర్వియర్ 1845లో సభలు నెలకొల్పారు. ఫ్రాంజిస్కా గడప గడపకూ తిరిగి రోగులకు సేవ చేసిన మనిషి. మూడో శిష్యురాలు పౌలీన్ ఫాన్ మాలింక్‌రోట్ పాడర్‌బోర్న్‌లో చూపులేని పిల్లలను చేరదీశారు. తన తర్వాత వాళ్లు దిక్కులేనివాళ్లు కాకూడదనే 1849లో సభ పెట్టారు. 1870లలో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ప్రభుత్వ చట్టాలు చాలా మఠాలను మూయించాయి. క్లారా నెదర్లాండ్స్‌కు, పౌలీన్ బెల్జియంకు తరలిపోయారు. కాథలిక్ తిరుసభ ఫ్రాంజిస్కాను 1974లో, పౌలీన్‌ను 1985లో, క్లారాను 2018లో ధన్యులుగా ప్రకటించింది.