వేరును అడిగేవారు మట్టిని అడగరేమి?

వైద్యుడు మూలిక తెమ్మన్నప్పుడు మొక్క పేరు చెబుతాడు, ఏ భాగము కావలెనో చెబుతాడు, నీడన ఆరబెట్టమని కూడా చెబుతాడు. ఏ నేలలో పెరిగినది తేవలెనో చెప్పడు. నేనూ చాలాకాలము చెప్పలేదు.

కొన్నేళ్ళ క్రిందట చూర్ణము కొరకు వెంపలి వేర్లు తెప్పించాను. సంస్కృతములో శరపుంఖ అనీ, ప్లీహరోగములకు వాడుట చేత ప్లీహశత్రువనీ పేర్లు గల మొక్క ఇదే. తెచ్చిన కుర్రవాడు రెండు మోపులు నా ముందు పడవేశాడు. ఒకటి బీడు గట్టు మీద పెరికినది. రెండవది యూరియా దండిగా చల్లే చెరకు తోట అంచున పెరిగినది. గట్టు మీది వేళ్ళకు ఆవగింజలంత, మినుములంత బుడిపెలు ఉన్నవి. గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. తోట అంచున పెరిగినదానికి ఆకు నల్లగా నిగనిగలాడుతున్నది గాని, వేరు నున్నగా, బోసిగా ఉన్నది. బుడిపెలను తెగులనుకొని కుర్రవాడు రెండవ మోపునే మెచ్చుకున్నాడు. (నులిపురుగుల వలన వచ్చే కణితులు వేరు సంగతి. అక్కడ వేరే ఉబ్బుతుంది; గోటికి ఊడిరాదు.)

ఆ బుడిపెలలో కాపురముండేది రైజోబియం జాతి బాక్టీరియా. వెంపలి చిక్కుడు కుటుంబపు మొక్క. నేలలో నత్రజని తక్కువైనపుడు దాని వేరు ఫ్లావొనాయిడ్లనే పదార్థములను మట్టిలోనికి స్రవిస్తుంది. ఆ పిలుపు విని బాక్టీరియా వచ్చి, తమ సంకేతము తాము పంపి, వేరు వెండ్రుకల ద్వారా లోనికి ప్రవేశిస్తుంది. మొక్క చక్కెర పెడుతుంది; బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చేటట్లు మార్చి ఇస్తుంది. మన రక్తములోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్లనే ఆ ఎరుపు. మట్టిలో నైట్రేటు సమృద్ధిగా దొరికితే మొక్క ఈ అతిథులను పోషించుట మానుకొంటుంది. యూరియా నేలలో కరిగి చివరకు నైట్రేటుగానే మారుతుంది గదా!

జర్మనీ శాస్త్రజ్ఞుడు హిల్ట్నర్ వేరును అంటియున్న ఈ మట్టి పొరకు 1904లోనే రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. ఆవ కుటుంబపు చిన్న మొక్క అరబిడోప్సిస్‌పై 2012లో వెలువడిన పరిశోధనలు, వేరు చుట్టూ చేరే బాక్టీరియా సమూహమును ప్రధానముగా నిర్ణయించేది నేల స్వభావమేననీ, వేరు లోపలికి మాత్రము మొక్క కొన్నిటినే ఎంచి రానిస్తుందనీ చూపినవి. 2017లో మరొక వింత తెలిసినది. భాస్వరము కరువైనప్పుడు దానిని వెతుక్కొనే యంత్రాంగమే మొక్క రోగనిరోధక శక్తిని కొంత తగ్గిస్తుందట. అనగా ఆకలిగొన్న మొక్క తలుపు దగ్గర కాపలా సడలిస్తుంది.

సుశ్రుతుడు సూత్రస్థానములో భూమి ప్రవిభాగీయమని ఒక అధ్యాయమే కేటాయించి, పుట్టలు, శ్మశానములు, రాళ్ళు, గోతులు గల నేలలలో ఓషధులు సేకరించవద్దన్నాడు. చరకుడు కల్పస్థానములో జాంగల, ఆనూప, సాధారణ దేశములను విభజించాడు. వారికి బాక్టీరియా తెలుసునని పొంగిపోయే వారితో నేను ఏకీభవించను. తెలియదు. అయినను నేల ప్రశ్నను వారు వదలలేదు. సూక్ష్మదర్శిని చేతికందిన మనము వదిలివేశాము. నా ఫిర్యాదు అదే.

ఎరువులే వద్దనుటలేదు. వరి రైతు కుటుంబమును నా సిద్ధాంతముతో పస్తులుంచలేను. కానీ అశ్వగంధ వంటివి సారము తక్కువైన, నీరు నిలవని నేలలకు అలవాటు పడిన మొక్కలు. వాటికి వరి మోతాదు యూరియా వేసి ఆకు పెంచి, వేరుకు వెల కట్టుట ఏమి న్యాయము? పెరటిలో మూలికలు పెంచేవారు బాగా చివికిన పశువుల ఎరువు వేయండి, పచ్చిపేడ వద్దు. కొనేవారు దుకాణదారుని ఏ చేనిదని అడగండి. మొదట నవ్వుతాడు. నన్ను చూసీ నవ్వాడు. ఇప్పుడు బస్తా మీద ఊరి పేరు రాసి పంపుతున్నాడు.