బాకీ ఎవరికి? ముట్టింది ఎవరికి?

జాన్ గ్లాడ్‌స్టన్ (1764–1851) గొప్ప దాత, చర్చీలు కట్టించిన భక్తుడు, తెలివితో పైకొచ్చిన వ్యాపారి అంటారు. ఇంగ్లండుకు నాలుగుసార్లు ప్రధాని అయిన విలియం ఈయన కొడుకే. సరే. ఆ దానాలకు సొమ్ము ఎక్కడిది? మేం అడిగేది అదే.

జమైకాలో, డెమెరారాలో (నేటి గయానా) ఈ దొరకు చెరకు తోటలుండేవి. లివర్‌పూల్‌లో కూర్చుని లెక్కలు చూసుకున్నాడే గాని ఆ తోటల్లో ఏనాడూ కాలు పెట్టలేదు. చెరకు నరికిందీ, రసం కాచిందీ, కొరడా దెబ్బలు తిన్నదీ ఆఫ్రికా నుంచి తెచ్చిన నల్లవాళ్లు, వాళ్ల బిడ్డలు.

1823 ఆగస్టులో ఆయన 'సక్సెస్' తోటలోనే తిరుగుబాటు రాజుకుంది. పదివేల మందికి పైగా లేచారు. తెల్లవాళ్లలో చచ్చింది ఇద్దరో ముగ్గురో. బానిసల్లో వందల మంది. ఆ తోటలో వడ్రంగి క్వామినాను కాల్చి చంపి, శవాన్ని తోట ముందే గొలుసులతో వేలాడదీశారు. కొడుకు జాక్‌ను దీవులకు పంపేశారు. ఆ కొడుకును పిలిచింది జాక్ గ్లాడ్‌స్టన్ అని. మనిషే కాదు, పేరు కూడా దొరదే!

1833లో బానిసత్వం రద్దు చట్టం చేశారు. నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? దొరలకు! మొత్తం 2 కోట్ల పౌండ్లు. 2,508 మంది బానిసలకుగాను గ్లాడ్‌స్టన్‌కు ముట్టింది 1,06,769 పౌండ్లు. వీపులు చీలినవాళ్లకు పైసా లేదు. పైగా పని నేర్చుకోవడమని పేరు పెట్టి 1838 దాకా అదే దొరలకు చాకిరీ.

నల్లవాళ్లు చేజారతారని తెలిసి దొర కన్ను మన దేశం మీద పడింది. కూలీలు కావాలని 1836లో కలకత్తా కంపెనీకి ఉత్తరం రాశాడు. కొండజాతివాళ్లు దొరుకుతారు, వాళ్లు మనిషికన్నా కోతికి దగ్గర అని ఆ కంపెనీ జవాబిచ్చింది. ఇలాంటి మాట మనకు కొత్తా? 1838 మే 5న రెండు ఓడలు 396 మందిని డెమెరారాకు చేర్చాయి. తర్వాత మద్రాసు నుంచీ ఓడలు పోయాయి. వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

2023లో ఈ దొర వారసులు గయానా వెళ్లి క్షమాపణ చెప్పారు. మంచిదే. కరీబియన్ దేశాలు మాత్రం 2013లోనే కమిషన్ పెట్టుకుని పరిహారం అడుగుతున్నాయి. పాత సంగతులు ఇప్పుడెందుకని కొందరి గోల. అన్నలారా, అక్కలారా, ఒక్కటి గుర్తుంచుకోండి: దొరలకు పంచడానికి చేసిన అప్పును బ్రిటన్ 2015 దాకా తీరుస్తూనే వచ్చింది. దొరల బాకీకి పాతబడని లెక్క, బానిసల బాకీకే పాతబడిందా?